ఇంకా ముప్పై ఎనిమిది

మేడమీదావిడ చెప్పిందట, వ్యానమ్మా వాళ్ళాయనా ఆస్తి పంచేసుకుంటున్నారని. చెప్పింది ఇస్త్రీ ఆయనతో. ఆయన మడతపెట్టిన దుప్పట్లతో పాటు ఆ కబురునీ మడతపెట్టి తెచ్చి, ఆదివారం పొద్దున్నే వ్యానమ్మ తల్లి చేతిలో పెట్టాడు.

"కిటికీలోంచి కళ్ళారా చూసిందటండీ. బల్ల మీద ఇంత పటం పరిచి ఎర్ర పెన్సిల్‌తో గీత గీసుకున్నారట. ఇటువైపు నాది, అటువైపు నీది అని కేకలేసుకున్నారట. పాతికేళ్ళ కాపురం, పాపం అందండీ."

ముసలమ్మ చెవి వెనక మిషన్ సర్దుకుని అంతా సావధానంగా విని, "పంచుకోడానికి వాళ్ళకేముందయ్యా? రెండు పానాలూ, ఒక చక్రాల స్టాండూ, నేనూ. నన్నెవరికి రాశారో కాస్త కనుక్కుని చెప్పమను" అని పంపేసింది.

అసలు సంగతి మనకు తెలుసు. పటం మీద గీసింది ఆస్తి గీత కాదు, రేసు దారి. ఇరవై ఒక్క రోజులు తొక్కే ఆ పెద్ద సైకిల్ రేసు ఈ ఏడు వీళ్ళ ఊరికి ఏడు గంటల దూరంలోని కొండలు దాటబోతోంది. బడి వ్యాను తోలే వ్యానమ్మ ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి అయిదు రోజులు వరసగా సెలవు పెట్టింది, వచ్చే శనివారం నుంచి బుధవారం దాకా. తమ్ముడి పాత కారు అడిగి పెట్టుకుంది. దారులు, బసలు, పెట్రోలు ఆవిడ వంతు. రేసు ఎక్కడ నిలబడి చూడాలన్నది మొగుడి వంతు. ఇటు నాది, అటు నీది అన్న కేకలు అవే.

ఆ మొగుడు సైకిల్ చక్రాలకు బెండు తీస్తాడు. అందుకే ఊరంతా బెండు మాస్టారు అంటారు. పెళ్ళయిన కొత్తలో "మీ ఆయన ఏం చేస్తాడమ్మా" అంటే "బెండు తీస్తాడండీ" అని వ్యానమ్మ చెప్పి, అవతలివాళ్ళు జాలిగా చూస్తే గాని తనేమందో తెలుసుకునేది కాదు. నిజానికి ఆయన ఈగ మీద కూడా చెయ్యెత్తే రకం కాదు. చక్రాన్ని స్టాండుకెక్కించి, చువ్వల్ని ఒక్కొక్కటే గోటితో మీటి, ఏది బిగువో ఏది వదులో మోతని బట్టి పట్టుకుంటాడు. అదీ ఆయన విద్య.

పోయిన వారం ఆయన ఎవరికీ చెప్పకుండా చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాడు. ముందు సన్నటి మోతలు పోతాయి, ఆ తర్వాత మాటలు, ఏడాది పడితే ఎక్కువ అని డాక్టరు చెప్పాడు. ఆ మాట డాక్టరుకు తెలుసు, ఆయనకు తెలుసు, మనకు తెలుసు. చెవులు ఉండగానే ఆ రేసు పక్కన ఒక్కసారి నిలబడాలన్నది ఆయన కోరిక. పెళ్ళాం మాత్రం ఇది షికారు అనుకుంటోంది.

*

మధ్యాహ్నం మూడయింది. ముందుగది అంటే అదే కొట్టు, అదే వసారా, అదే భోజనాల గది. గోడకి మేకులు, మేకులకి చక్రాలు. కిటికీ దగ్గర స్టాండు మీద నిన్న ముగించిన చక్రం ఒకటి. మధ్యలో బల్ల, బల్ల మీద పటం, పటం నాలుగు మూలలా ఎగిరిపోకుండా నాలుగు పెడళ్ళు. ముసలమ్మ ఓ పక్కన కూర్చుని బఠానీలు వొలుస్తోంది.

రేసు పుస్తకంలో రోజుకో పేజీ. పేజీకో కొండ బొమ్మ. శనివారం పేజీ తిప్పి వ్యానమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"ఇదేం కొండండీ బాబూ! మా వ్యాను ఫస్టు గేర్లో ఏడుస్తుంది."

"ఆ రోజు మూడు ఎక్కుతారు అలాంటివి," అన్నాడు మాస్టారు.

"దిగి నడిపించుకుంటూనా?"

"దిగడమా! అయిదు గంటలు కాలు కింద పెట్టరు. తిండి కూడా తొక్కుతూనే. వీపు మీద జేబులుంటాయి, చెయ్యి వెనక్కి పోనిచ్చి తీసుకుంటారు."

ముసలమ్మ చెయ్యాగింది. "మరి ఒంటికో?"

"అది కూడా తొక్కుతూనే అత్తయ్యా."

చేతిలో ఉన్న బఠానీ కాయను ముసలమ్మ కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. ఎనభై ఏళ్ళలో ఆవిడ చాలా విన్నది గాని, ఇది వినలేదు.

"ఎక్కడం కాదు, దిగడం చెప్పాలి," మాస్టారు ముందుకు వంగాడు. ఆయన గొంతు కొట్టులో బేరం చేసే గొంతు కాదు. "గంటకి తొంభై. ఒక పక్క బండ, ఒక పక్క ఏమీ లేదు. నూట యాభై మంది ఒకడి వెనక ఒకడు. బ్రేకు మీద రెండు వేళ్ళు. టైరు నేలకి తగిలేది ఎంతనుకున్నావ్? ఇంత." బొటనవేలు చూపించాడు.

వ్యానమ్మ తన బొటనవేలిని బల్ల మీద ఆనించి చూసుకుంది. ఆవిడ వ్యాను నలభై దాటదు. అంతకు మించి పోకుండా ఇంజనుకే కట్టు వేశారు. నాలుగు లావుపాటి టైర్ల మీద, సీటు బెల్టు కట్టుకుని, నలభైలో మలుపు తిరిగేటప్పుడు కూడా వెనక కేరింతలు కొడుతున్న పిల్లల్ని తలుచుకుని ఆవిడ బ్రేకు మీద కాలు ఆనించే ఉంచుతుంది. తొంభైలో, ఇంత వేలి మీద! స్టీరింగు పట్టినవాళ్ళకే అర్థమయ్యే ఆ సంగతి ఆవిడ ఒళ్ళంతా పాకింది.

"వాళ్ళ అమ్మలు ఎలా చూస్తారండీ?" అంది మెల్లగా.

"చూడరేమో. వంటింట్లోకి వెళ్ళిపోతారేమో."

"సరే, మనమెక్కడ నిలబడుతున్నాం? ముగింపు ఊళ్ళో అయితే పెద్ద తెర ఉంటుందట, కుర్చీలుంటాయి, నీడ ఉంటుంది. అక్కడ నిలబడదాం."

"ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర నిలబడదాం. నా స్నేహితుడు రేసు మేస్త్రి చెప్పాడుగా. కొండ దిగే చోట, గోడలాంటి బండ పక్కన. మనుషులుండరు."

"మనుషులుండరంటే ఏదో కారణం ఉంటుంది కదా! అంత వేగంలో రెప్పపాటులో పోతారు. ఏడు గంటలు కారు తోలుకెళ్ళి ఏం చూస్తాం?"

"చూడ్డానికి కాదు," అన్నాడాయన, ఇంకేదో అనబోయి పుస్తకం వైపు తిరిగాడు.

వ్యానమ్మకి మాటలతో వాదించడం కన్నా కొలిచి వాదించడం అలవాటు. బడి పిల్లల స్టాపులన్నీ అలా కొలిచి పెట్టినవే. కుట్టుపెట్టె లోంచి దారం తీసింది. పది కిలోమీటర్లకొక ముడి వేసుకుంది. బయలుదేరే ఊరి మీద దారం కొస ఆనించి, ఎర్రగీత మలుపులన్నీ తిప్పుకుంటూ లాగి, మూడు ముళ్ళు దాటాక గోటితో నొక్కి పట్టింది.

"ముప్పై ఎనిమిది. ఇదిగో. ఇక్కడ కొండ లేదండీ."

"సరిగ్గా కొలువు."

"మీరు కొలవండి. పొలాలున్నాయి. కాలవ ఉంది. అల్లంత దూరం దాకా అరచేతిలా ఉంది నేల."

మాస్టారు కొలిచాడు. పొలాలే వచ్చాయి. మళ్ళీ కొలిచాడు. కాలవ కూడా కదల్లేదు.

రేసు మేస్త్రి అంటే మాస్టారి పాత స్నేహితుడు. ఆ రేసులో చక్రాలు మార్చే బండి మీద ముప్పై ఏళ్ళు పనిచేసి, ఇప్పటికీ రేసు వస్తోందంటే ఇంట్లో నిలవలేని మనిషి. వ్యానమ్మ ఫోన్ కలిపి స్పీకరు పెట్టి పటం మీద ఉంచింది.

"అన్నయ్యా, ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర కొండెక్కడుంది? పొలాలున్నాయి."

ఫోన్లో నవ్వు వినిపించింది. "ఎక్కణ్ణుంచి లెక్కపెట్టావు చెల్లెమ్మా?"

"మొదలుపెట్టిన దగ్గర్నుంచి. ఇంకెక్కణ్ణుంచి పెడతారు?"

"అదీ సంగతి. నువ్వు వ్యాను లెక్క పెట్టావు. రేసువాళ్ళం ఎంత వచ్చామో లెక్కపెట్టమమ్మా, ఎంత మిగిలిందో లెక్కపెడతాం. ముగింపుకి ఇంకా ముప్పై ఎనిమిది ఉందనగా ఆ చోటు. చివరి కొండ నెత్తి మీద, అవతలి వైపు దిగుడు మొదట్లో."

దారం ముగింపు ఊరి మీద ఆనించి వెనక్కి కొలిస్తే వ్యానమ్మ వేలు సరిగ్గా కొండ నెత్తి మీద ఆగింది. పటంలో ఆ దారి పేగుల్లా మెలికలు తిరిగి ఉంది.

"ఈ మాట మాస్టారికి ముందే చెబితే పోయేది కదన్నయ్యా!"

"చెప్పకపోవడమేం? 'ఇంకా ముప్పై ఎనిమిది, ఇంకా' అని రెండుసార్లు చెప్పా. సరే సరే అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పా. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కొండ కింద గేటు వేసేస్తారు. ఆ తర్వాత కార్లు పోనివ్వరు. ఆ లోపల పైకెక్కి కూర్చోవాలి. దానికీ సరే సరే అన్నాడు."

వ్యానమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన కాలవ వైపు చూస్తున్నాడు.

ఫోన్ పెట్టేశాక ముసలమ్మ బఠానీ పొట్టు ఒళ్ళోంచి దులుపుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది: "సరే సరే అన్నాడంటే వినపడలేదన్నమాట. నేను పదేళ్ళుగా చేస్తున్న పని అదే. అందరూ నవ్వాక నవ్వడం, ఒకసారి అడిగాక రెండోసారి అడక్కపోవడం, సరే సరే."

"ఊరుకో అమ్మా, నీకంటే..." అనబోయి వ్యానమ్మ ఆగింది.

ఈ మధ్య ఆయన వీధివైపు కుర్చీ వదిలేసి, మాట్లాడేవాళ్ళ మొహాలకెదురుగా ఇటు కూర్చుంటున్నాడు. టీవీ పెట్టనివ్వడం లేదు, తలనొప్పి అంటున్నాడు. ఎవరైనా చక్రం తెస్తే బేరం పలక మీద రాయిస్తున్నాడు, మరిచిపోతానని. ఇంతకాలం విడివిడిగా పడి ఉన్న ముక్కలన్నీ ఆవిడ ముందు ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి.

వ్యానమ్మ లేచింది, నీళ్ళకి వెళ్తున్నట్టు. ఆయన కుర్చీ వెనకగా నడిచి స్టాండు దగ్గర ఆగింది. చక్రం చువ్వ ఒకదాన్ని గోటితో మీటింది.

టింగుమంది.

చెవిలో మిషన్ పెట్టుకున్న ముసలమ్మ తల తిప్పి చూసింది. ఆ మోత మీదే పాతికేళ్ళకి పైగా సంసారం ఈడ్చిన మనిషి తిప్పలేదు.

ఇంకొకటి మీటింది. మరొకటి. చివరికి చక్రాన్ని తిప్పి గోరు అడ్డం పెట్టింది. చువ్వలన్నీ జలజలా మోగాయి. గది నిండా మోగాయి. మాస్టారు ఎర్రగీత వెంట వేలు పోనిస్తూ కొండ ఎక్కుతూనే ఉన్నాడు. భార్య నీడ పటం మీద పడ్డాక తలెత్తాడు.

"నీళ్ళు నాక్కూడా తెచ్చావా?"

ఆయన్ని చూస్తూ ఇంకోసారి చువ్వ మీటింది. అది వణకడం ఆయనకి కనిపించింది. కనిపించడం వరకే. ఆయన మొహం ఎవరో గాలి తీసినట్టు దిగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" గట్టిగా అడిగింది వ్యానమ్మ, ఎదురుగా నిలబడి.

"ఎనిమిది నెలలు. సన్నటివి పోయాయి. మాటలు దగ్గరికొస్తే తెలుస్తున్నాయి. అవీ ఏడాదిలో..." చెయ్యి గాల్లో తిప్పాడు.

"నాకు చెప్పలేదు."

"చెబితే నీ మొహం ఇలా అవుతుందని."

"మిషన్ పెట్టించుకుంటే?"

జవాబు ముసలమ్మ చెప్పింది. "మాటలు వస్తాయే. కానీ అన్నీ రేకు డబ్బాలో పడి వచ్చినట్టే ఉంటాయి. నీ గొంతూ అంతే, కాకి గొంతూ అంతే."

వ్యానమ్మ కూర్చుంది. మళ్ళీ లేచింది. "ఉండండి. ఎనిమిది నెలలంటే, మరి ఈ చక్రాలన్నీ? ఎన్ని చేశారు?"

"రెండొందలకి తక్కువుండవు."

"ఒక్కటైనా వెనక్కొచ్చిందా?"

"ఎందుకొస్తుంది?" అన్నాడు మాస్టారు, ఇంత దిగులులోనూ పౌరుషం పొడుచుకొచ్చి. "ఇటు రా."

ఆవిడ చెయ్యి పట్టుకుని చక్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. మేకుకున్న ఇంకో చక్రం దింపి స్టాండుకెక్కించాడు, ఇంకా ముట్టుకోనిది. కళ్ళు మూసుకుని, బొటనవేలు, చూపుడువేలు పెట్టి చువ్వల్ని జతలు జతలుగా నొక్కుకుంటూ పోయాడు. చక్రం మెల్లగా తిరుగుతోంది. ఒకచోట ఆగాడు.

"ఈ రెండూ మీటి చూడు. తేడా ఉండాలి."

మీటింది. ఉంది. ఒకటి మోగింది, పక్కది కాస్త మూలిగింది.

"పావు చుట్టు," అన్నాడు. చిన్న కీ పెట్టి అటు తిప్పాడు, ఒక్క పిసరు ఇటు వదిలాడు. "ఇప్పుడు?"

వ్యానమ్మ మొదటిది మీటింది. రెండోది మీటింది. రెండూ ఒకటే. ఒక గొంతులోంచి వచ్చినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే. తను వింటోంది. సరిచేసిన మనిషికి అది లేదు. వినపడని దాన్ని వినపడేవాళ్ళ కోసం ఇంత సరిగ్గా ఎలా పెట్టాడు? రోజూ అదే గదిలో తను గిన్నెలు సర్దుకుంది, వ్యాను తాళాలు వెతుక్కుంది, పక్కనే ఈ మనిషి నిశ్శబ్దాన్ని వేళ్ళతో నొక్కి శ్రుతి చేస్తూ కూర్చున్నాడు. ఆ వేళ్ళని పట్టుకుని చూసింది. నూనె, నల్లటి గీతలు, ఎప్పుడూ ఉండే వేళ్ళే.

"ఆ బండ పక్కన ఏముంది?" అంది, ఈసారి నెమ్మదిగా, ఆయన చెవికి దగ్గరగా.

మాస్టారు స్టాండు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నిన్ను చేసుకోకముందు సంగతి. పని లేదు నాకు. వానకి రైలు వంతెన కింద నిలబడ్డా. ఏదో చిన్న రేసు, ముప్పై నలభై మంది, ఏటవాలులో దిగుతూ వచ్చారు. వంతెన కిందకి రాగానే అందరూ తొక్కడం ఆపారు. ఆపితే చక్రం ఊరికే తిరుగుతుంది కదా, లోపల టకటకమంటుంది. నలభై చక్రాలు ఒక్కసారి! తేనెపట్టు మొత్తం లేచినట్టు. తలమీద కప్పు మోగింది, గోడ మోగింది, నా పళ్ళు మోగాయి. నేను గోడకి అతుక్కుపోయా. వాళ్ళు పోయారు, మోత మాత్రం కాసేపు అక్కడే నిలబడింది, నాతో పాటు. నాలుగు సెకన్లు ఉంటుందేమో అంతా. తర్వాతి వారం సైకిల్ కొట్లో చేరా."

ముసలమ్మ కూడా వింటోంది. ఆవిడ చెవి మిషన్ సన్నగా ఈల వేస్తే అరచేత్తో నొక్కి ఆపుకుంది.

"మేస్త్రి అంటాడు, అది నలభై మంది, చిన్న వంతెన. ఇది నూట యాభై మంది, కొండంత బండ. జనం ఉండరు కాబట్టి అరుపులుండవు. అంత గట్టి మోత అయితే నాకింకా అందుతుంది. వచ్చే ఏడు అందదు. ఆ నాలుగు సెకన్లకే పోదామన్నా."

వ్యానమ్మ పటం ముందుకొచ్చి కూర్చుంది. కళ్ళు తుడుచుకోలేదు, పెన్సిల్ తీసుకుంది. డ్రైవరు లెక్క మొదలుపెట్టింది. కొండ కిందికి ఏడు గంటలు. గేటు ఆరింటికి. మధ్యలో ఆగడాలు కలుపుకుంటే ఇంటి దగ్గర శుక్రవారం పొద్దున పదింటికైనా కదలాలి.

పెన్సిల్ శుక్రవారం మీద ఆగిపోయింది.

"సెలవు శనివారం నుంచండీ."

"ఊఁ."

"శుక్రవారం మూడున్నరకి బడి వదులుతారు. రెండో డ్రైవరు కూతురి పెళ్ళి ఆ రోజే, పదిహేను రోజుల కిందటే సెలవు తీసుకున్నాడు. రెండు ట్రిప్పులూ నావే. నలభై రెండు మంది పిల్లలు. ఆ చివరి స్టాపులో కవలలకి ఆరేళ్ళు."

"శనివారం పొద్దున వెళ్ళి నడిస్తేనో?" అన్నాడు మాస్టారు.

"గేటు నుంచి పందొమ్మిది కిలోమీటర్లు ఎక్కుడు."

"సైకిళ్ళ మీద పోండి. ఊరందరికీ బాగుచేస్తారుగా," అంది ముసలమ్మ.

"నా నడుం సంగతి నీకు తెలుసుగా అత్తయ్యా." నవ్వడానికి చూశాడు. "ఆ వైపు బస్సు కూడా లేదు."

వ్యానమ్మ మళ్ళీ దారం అందుకుని పటం మీద పరిచింది. పటం మీద బడి నుంచి చివరి స్టాపు దాకా దారి గోరంత. కొండ నెత్తి దాకా బారెడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క ట్రిప్పు ఆవిడ తప్పలేదు. జ్వరంలో తప్పలేదు, తండ్రి పోయిన రోజు సాయంత్రం ట్రిప్పు కూడా తప్పలేదు. ఏ తల్లీ ఆ వ్యాను కోసం గేటు దగ్గర రెండోసారి గడియారం చూసుకోలేదు.

చివరికి ఆవిడ ముఖంలో కాస్త వెలుగు వచ్చింది.

"ఇలా చేద్దాం. మేస్త్రి అన్నయ్య ఎలాగూ శుక్రవారమే పైకి పోతాడు. ఆ బండ పక్కన నిలబడి ఫోన్లో మొత్తం రికార్డు చెయ్యమందాం, ఒక్క సెకను వదలకుండా. మనం శనివారం తెల్లారి బయలుదేరి ముగింపు ఊరికి చేరదాం. రేసూ చూసినట్టుంటుంది. ఆ మోత మనింటికే వచ్చినట్టూ ఉంటుంది. ఇంటికొచ్చాక తీరిగ్గా ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినొచ్చు కదండీ!"

మాస్టారు ఆవిడ పెదాల కదలికని చివరిదాకా జాగ్రత్తగా చూశాడు. ఒక్క మాట కూడా జారిపోలేదని తెలిశాక, పటం మూల మీది పెడలు తీసి పక్కన పెట్టాడు.

"ఏ చెవులతో?"